ఒక్క పువ్వూ వృథా పోలేదు

ఫిబ్రవరి 4, గురువారం

అత్తకి,

ఈ రోజు పొద్దున్నే మొదటి ఆశ్చర్యం: ప్రభుత్వం పువ్వుల్ని కూడా పంటగా ఒప్పుకుంది. హాస్టల్ కింద టీ కొట్టులో పేపరు తిరగేస్తుంటే నాలుగో పేజీలో చిన్న అక్షరాల్లో కనిపించింది. మహమ్మారి నెలల్లో సరుకు అమ్ముడుపోక దెబ్బతిన్న రైతులకు ఇచ్చే సాయంలో ఇంతవరకూ ధాన్యం, కూరగాయలు, పాలు, కోళ్ళు మాత్రమే ఉండేవి. ఇప్పుడు చివర్న "తోట పువ్వులు" అని చేర్చారు. ఆ రెండు మాటలూ చూసి టీ ఒలకబోసుకున్నాను. తడిసింది కొట్టాయన పేపరు. "ఇక అది నీదే, డబ్బులియ్యి" అన్నాడు. ఇచ్చి, ఆ ముక్క కత్తిరించి దీంతో పంపుతున్నాను.

నువ్వు వెంటనే "నాకెందుకొచ్చిన గొడవ" అంటావు. అనకు. గాలివానకి గులాబీ షెడ్డు మీద ప్లాస్టిక్ కప్పు చిరిగి ఎన్నాళ్ళయింది? వానాకాలంలోపు కొత్త కప్పు పడకపోతే మొక్కలన్నీ పీకెయ్యాల్సిందేనని నువ్వే అన్నావు. అవి మామయ్య తన చేత్తో నాటినవి. ఈ సాయం వస్తే కప్పు వస్తుంది, మొక్కలు ఉంటాయి.

ఫారం నేను నింపుతాను. అందులో ఒక ప్రశ్న ఉంది: అమ్ముడుపోని పంటను ఏం చేశారు? ఆ నాలుగు నెలల పువ్వులూ ఏమయ్యాయత్తా?

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావేమో. ఫోన్లో అయితే "సరే సరే, కోత ఉంది" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టెయ్యలేవు. హారన్ బాబాయి మార్కెట్లో నీ పువ్వులు దింపేసి, మా గేటు ముందు వ్యాను ఆపుకుని దీనికోసం కాచుకున్నాడు. కాచుకున్నాడని మూడు వీధుల వాళ్ళకీ తెలుస్తోంది.

నీ మేనకోడలు

*

ఫిబ్రవరి 8, సోమవారం

నిఘంటువు గారికి,

నువ్వు పంపిన పేపరు ముక్కలో నాకు అర్థంకాని మాటలు ఆరున్నాయి. హారన్‌ని అడిగితే రెండింటికి అర్థం చెప్పాడు. రెండూ తప్పేనని వాడి ముఖం చూస్తేనే తెలిసింది.

ఫారాలంటే నాకు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినట్టుంటుంది. అందుకని తెల్లకాయితాలు రెండు సంతకం పెట్టి పంపుతున్నాను. ఖాళీ కాయితం మీద సంతకం పెట్టొద్దని మీ మామయ్య ఎప్పుడూ పోరేవాడు. నీకు కాబట్టి పెట్టాను. ఏం రాయాలో నీకే తెలుస్తుంది.

పువ్వులేమయ్యాయని అడిగావు. పోయాయి. కొనేవాళ్ళు లేరని కోయడం మానేస్తే మొక్క పాడవుతుంది, అందుకని రోజూ కోశాను. కోసినవి పోయాయి. అంతకంటే చెప్పడానికేం లేదు.

మీ నాన్న ఫోన్ చేశాడు. తోట వదిలేసి వచ్చి వాళ్ళింట్లో ఉండమన్నాడు. వాళ్ళింట్లో కిటికీ తీస్తే ఎదురింటి గోడ. "రోజూ ఆ గోడకి నీళ్ళు పొయ్యనా అన్నయ్యా?" అన్నాను. నవ్వలేదు. మీ నాన్నకి చిన్నప్పుడు కూడా నవ్వు రెండు రోజుల తర్వాత వచ్చేది.

పెద్ద బకెట్టు అడుగు కారుతోంది. మార్కెట్ పక్క వీధిలో అతుకు వేసేవాడు ఉంటే కనుక్కో.

అత్త

*

ఫిబ్రవరి 13, శనివారం

అత్తకి,

ఫారం ఇచ్చేశాను. సాయం ఆఫీసు ఒక పొడవాటి నడవా. అందులో ముప్ఫై ఎనిమిది మంది రైతులు, రెండు బల్లలు, ఒక ఫ్యాను. నేను ముప్ఫై తొమ్మిదోదాన్ని. నా ముందు కోళ్ళ ఫారం ఆయన ఉన్నాడు. "నువ్వేం పండిస్తావమ్మా?" అని అడిగితే "గులాబీలు" అన్నాను. "తినేవి కావుగా" అని జాలిగా చూశాడు. కళ్ళజోడుకి తాడు కట్టుకున్న ఒకావిడ కాయితాలు తీసుకుంది.

నువ్వు పంపిన తెల్లకాయితాల్లో ఒకటి ఫారానికి జతచేసే వివరణకి వాడాను. మూడుసార్లు చిత్తుప్రతి రాశాను. వాక్యం రాశాక పైకి చదువుకోమని మా పంతులమ్మ చెబుతుంది. చదువుకున్నాను. చివరి వాక్యాన్ని నాలుగుసార్లు చదువుకున్నాను. ఒక మాట పక్కన ఇంకో మాట పెడితే లేని బలం ఎక్కడినుంచి వస్తుందో నాకిప్పటికీ అర్థం కాదు. ఏం రాశానో ఇప్పుడు చెప్పను. కప్పు వేయించిన రోజు దాని కింద కూర్చుని నీకు చదివి వినిపిస్తాను.

మొన్న హారన్ బాబాయి వ్యాను టైరు మా హాస్టల్ ముందే పంక్చరైంది. రెండు గంటలు గోడ పక్కన కూర్చుని బోలెడు కబుర్లు చెప్పాడు.

బకెట్లకి అతుకు వేసేవాడు దొరికాడు. పాతదానికి అతుకుకంటే కొత్తది కొనుక్కోవడం నయమన్నాడు. నిజాయితీపరుడే గానీ ఎలా బతుకుతాడో.

నీ మేనకోడలు

*

మార్చి 19, శుక్రవారం

అమ్మాయ్,

డబ్బు రాదు. చీటీ వచ్చింది. వాళ్ళు రాసింది ఉన్నదున్నట్టు దించుతున్నాను: "మీ తోటలోని పువ్వులు వృథా పోలేదని, ఆస్పత్రికి పంపిణీ అయ్యాయని ఈ కార్యాలయానికి తెలిసినందున మీరు సాయానికి అర్హులు కారు."

తెలిసిందట. ఎవరు చెబితే తెలిసింది?

ఇక నీకు చెప్పక తప్పదు. మీ మామయ్య శవమై ఆ ఆస్పత్రి వెనక గేటులోంచే బయటికొచ్చాడు. నన్ను దూరంగా తాడుకి ఇవతల నిలబెట్టారు. ఇంటిదగ్గర షెడ్డు నిండా పువ్వులు పెట్టుకుని ఆయన మీద ఒక్కటి వెయ్యలేకపోయాను. వారం తర్వాత కోత మొదలుపెట్టినప్పుడు, కొనేవాళ్ళు లేరు కదా, వీటిని ఆ గేటుకి పంపితే ఏం పోయిందిలే అనిపించింది. హారన్ దగ్గర కూరగాయలు తోలే పాసు ఉండేది. రోజూ బకెట్లు గేటు దగ్గర దింపేవాడు. అక్కడి మనిషి బయటికొచ్చే ఒక్కొక్కరి మీదా ఒక కాడ పెట్టేవాడు. నాలుగు నెలలు. ఎవరికీ చెప్పొద్దని హారన్‌తో అన్నాను. చెప్పుకుంటే అది వేరే పని అయిపోతుంది.

ఆ సంగతి నాకూ వాడికీ తప్ప ఎవరికీ తెలియదు. గేటు మనిషికి నా ఊరూ పేరూ తెలియవు. పోయిన నెల హారన్ వ్యాను ఆ ఆఫీసు ముందు ఆగి ఉండడం చూశానని మన ఊరి ట్రాక్టరతను చెప్పాడు. ఇంకేం కావాలి?

వాడినింకా ఏమీ అనలేదు. ఈ ఉత్తరం తెచ్చేది కూడా వాడే. అంచులు జిగురుతో అంటించాను, చిరగలేదు కదా చూసుకో. నువ్వు రాసినదాంట్లో తప్పుండదు, ఆ దిగులు పెట్టుకోకు. ఏం చెయ్యమంటావో చెప్పు.

అత్త

*

మార్చి 20, శనివారం

అత్తకి,

అంచులు చిరగలేదు.

హారన్ బాబాయి కింద ఉన్నాడు, అందుకని నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఉత్తరం ఇస్తూ, "అక్క ఈ మధ్య నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది, ఒంట్లో బాగుందంటావా?" అని అడిగాడు. బాగానే ఉందన్నాను.

తొందరపడి ఎవర్నీ ఏమీ అనకు. బాబాయి అలాంటివాడు కాదేమో. ఆఫీసువాళ్ళకి సవాలక్ష దారుల్లో తెలుస్తుంటాయి. అప్పీలుకి వీలుంటుందట, కనుక్కుంటాను. పరీక్షలు దగ్గరికొచ్చాయి. అవి కాగానే వివరంగా రాస్తాను.

నీ మేనకోడలు

*

ఏప్రిల్ 3, శనివారం

అమ్మాయ్,

ఇది పోస్టులో వస్తోంది. ఎందుకో చదివితే తెలుస్తుంది.

నువ్వు "కాదేమో" అని రాశావు. గట్టిగా కాదనలేకపోయావంటే నీకూ అనుమానం ఉన్నట్టే కదా. మంగళవారం వాడితో పాటు నేనూ మార్కెట్‌కి వెళ్ళాను. బకెట్లు దింపుతుంటే అడిగాను.

"హారన్, ఆస్పత్రి గేటు సంగతి ఎవరికైనా చెప్పావా?"

"ఏమైందక్కా?"

చీటీ చదివి వినిపించాను. వాడి ముఖం మారింది.

"చెప్పావా లేదా? అది చెప్పు చాలు."

చేతిలో బకెట్టు కింద పెట్టాడు. "చెప్పాను" అన్నాడు.

"ఎవరికి?"

"అది వదిలెయ్యక్కా."

చుట్టూ పదిమంది ఉన్నారు. బంతిపూలావిడ ఉంది, తూకం మనిషి ఉన్నాడు. నేను ఆగలేదు. "చచ్చినవాళ్ళ మీద వేసిన పువ్వుల్ని కూడా అమ్ముకున్నావు కదరా" అన్నాను. వాడు మిగతా బకెట్లు దింపి, నన్ను ఇంటిదగ్గర దింపి వెళ్ళిపోయాడు. దారంతా ఒక్క మాట లేదు, ఒక్క హారన్ లేదు.

బకెట్లు ఒరిగిపోకుండా పదిహేనేళ్ళ కిందట మీ మామయ్య వ్యానులో బిగించిన చెక్క గళ్ళున్నాయి కదా. మర్నాడు వాటిని విప్పి, కడిగి, షెడ్డు ముందు ఆరబెట్టి పోయాడు. ఇప్పుడు పువ్వుల్ని ట్రాక్టరతను తీసుకెళ్తున్నాడు. వాడికి పువ్వులన్నా ఇటుకలన్నా ఒకటే. సగం మొగ్గలు నలుగుతున్నాయి.

తప్పు చేసినవాడైనా అంత మాటకి ఎదురు తిట్టాలి కదా. ఎందుకు తిట్టలేదు?

అత్త

*

ఏప్రిల్ 9, శుక్రవారం

అత్తకి,

చెప్పింది నేను.

ఇలాగే మొదలుపెట్టకపోతే మళ్ళీ వేరే సంగతులు రాస్తాను. మార్చి ఇరవైన అదే చేశాను.

టైరు పంక్చరైన రోజు, అత్త పువ్వులేమయ్యాయి బాబాయీ అని ఆయన్ని నేనే అడిగాను. "అక్క చెప్పొద్దంది" అన్నాడు. "నేను పరాయిదాన్నా?" అన్నాను. అప్పుడు చెప్పాడు. చెబుతూ రెండుసార్లు ఆగి, రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు. అదంతా నేను నీ సంతకం ఉన్న కాయితం మీద రాశాను. ఫారం ఇవ్వడానికి నన్ను ఆఫీసు దాకా తీసుకెళ్ళింది కూడా ఆయనే. ట్రాక్టరతను చూసిన వ్యానులో ఉన్నది నేను.

నిన్న అప్పీలు కోసం వెళ్ళాను. కళ్ళజోడు తాడావిడ ఫైలు తీసి నా కాయితం నా ముందు పెట్టింది. చివరి వాక్యం కింద ఎర్ర పెన్సిలు గీత ఉంది. "ఆ నాలుగు నెలల్లో మా అత్త తోటలో ఒక్క పువ్వు కూడా వృథా పోలేదు." నేను నాలుగుసార్లు చదువుకున్న వాక్యం అదే.

"ఇది నీ రాతేనా?" అంది.

"ఔనండి."

"చాలా బాగా రాశావు. ఇంటికెళ్ళి మా అమ్మకి చెప్పాను కూడా. కానీ ఇది నష్టానికిచ్చే సాయం కదమ్మా. నష్టం లేదని నువ్వే రాసిచ్చాక నేనేం చెయ్యను? ఆ గీత గీసింది నేనే."

ఒక దారి ఉందట. పువ్వులు మనం ఉచితంగా ఇచ్చామని, తోలినందుకు తనకి కూడా ఎవరూ ఏమీ ఇవ్వలేదని వ్యాను మనిషి రాసి సంతకం పెడితే నష్టంగా ఒప్పుకుంటారు. ఈ నెల ముప్ఫై, సాయంత్రం అయిదులోపు ఇవ్వాలి. ఫారం జతచేస్తున్నాను.

అత్తా, నీ చీటీ చదివిన క్షణమే నాకు అర్థమైంది. నా మాటలే వాళ్ళ నోట తిరిగొచ్చాయి. బాబాయి కింద నిలబడే ఉన్నాడు. నిజం రాయడానికి ఒక్క పంక్తి చాలు. కానీ "నువ్వు రాసినదాంట్లో తప్పుండదు" అని నీ ఉత్తరంలో ఉంది. ఆ మాట పోగొట్టుకోలేక "కాదేమో" అని రాశాను. దాన్ని మడిచి ఆయన చేతికే ఇచ్చాను. ఆయన చొక్కా జేబులో పెట్టుకుని బొత్తాం వేసుకున్నాడు.

నీ మేనకోడలు

*

ఏప్రిల్ 15, గురువారం

అమ్మాయికి,

నాలుగు రోజులు నీకు రాయకుండా కూర్చున్నాను. చెప్పొద్దూ, మొదట నీ మీద మండిపోయింది. సంతకం పెట్టిన నా చేతిని కూడా తిట్టుకున్నాను. తర్వాత మార్కెట్లో నేనన్న మాట గుర్తొచ్చేది. కోపం అక్కడ ఆగిపోయేది.

నువ్వు రాసింది అబద్ధం కాదు. అబద్ధం నేనన్నది, అదీ పదిమందిలో.

చీటీ వినగానే వాడికి తెలిసిపోయింది, చూడు. "నీ మేనకోడలికే చెప్పాను" అంటే అయిపోయేది. నా ముందు నీ పేరెత్తకూడదని నోరు కట్టుకున్నాడు. నేను దాన్ని తప్పు ఒప్పుకోవడం అనుకున్నాను. పదిహేనేళ్ళు వాడి పక్కన కూర్చుని మార్కెట్‌కి వెళ్ళినదాన్ని, ఆమాత్రం పోల్చుకోలేకపోయాను.

సోమవారం వాళ్ళింటిదాకా వెళ్ళాను. వ్యాను బయటే ఉంది. ఇప్పుడు సిమెంటు తోలుతున్నాడట, వెనకంతా బూడిదరంగు పొడి. లోపల వాడి భార్య ఎవరితోనో మాట్లాడుతోంది. తలుపు తట్టలేక వచ్చేశాను. బుధవారం మళ్ళీ వెళ్ళి మళ్ళీ వచ్చేశాను.

సరిగ్గా తిని చదువుకో. పరీక్ష ఎలా రాశావో ఒక్క ముక్క కూడా రాయలేదు.

అత్త

*

ఏప్రిల్ 19, సోమవారం

అత్తకి,

పరీక్ష బాగానే రాశాను. తెలిసినదానికంటే ఒక్క మాట ఎక్కువ రాయలేదు.

ఇంకా పదకొండు రోజులు గడువుంది. నువ్వు వెళ్ళలేకపోతే నేను వెళ్తాను. ముందు క్షమించమంటాను, తర్వాత సంతకం సంగతి చెబుతాను. బాబాయి కాదనడు. ఆ ఒక్క సంతకంతో కప్పు వస్తుంది, మామయ్య మొక్కలుంటాయి. చెడగొట్టినదాన్ని నేను, బాగుచేసే పని కూడా నాకే ఇవ్వు. వెళ్ళమంటావా? వెంటనే రాయి.

నీ మేనకోడలు

*

ఏప్రిల్ 24, శనివారం

అమ్మాయ్,

వెళ్ళొద్దు.

వాడు కాదనడని రాశావు. నిజమే. సంతకం అడిగితే పెడతాడు. పెడతాడనే నా భయం. వాడి గుమ్మం దాకా రెండుసార్లు వెళ్ళి ఎందుకు వెనక్కొచ్చానో తెలుసా? మొదటిసారి నా సంచీలో ఆ ఫారం ఉంది. తలుపు తట్టబోతుంటే అది గుర్తొచ్చింది. "తప్పైపోయిందిరా" అని ఏడ్చి, ఆ వెంటనే సంచీలోంచి కాయితం తీస్తే, నేను ఏడ్చింది దేనికని వాడు అనుకోవాలి? వాడు ఏమీ అనుకోడు, సంతకం పెట్టి మంచినీళ్ళిస్తాడు. నాకు మాత్రం బతికున్నన్నాళ్ళూ తెలియదు, నేను వెళ్ళింది వాడికోసమా, ప్లాస్టిక్ కోసమా అని.

రెండోసారి ఫారం ఇంట్లో పెట్టే వెళ్ళాను. అయినా గడువు ఇంకా ఉందని నాకు తెలుసు కదా, తలుపు తట్టకుండానే తిరిగొచ్చాను. ఆ గడువు దాటనీ. ఒకటో తారీఖున వెళ్తాను, అప్పుడు వాడిని అడగడానికి నా దగ్గర ఏమీ ఉండదు.

మొక్కల గురించి నువ్వు ఏడవకు. చిరగని వైపు నాలుగు వరసలు నిలుస్తాయి. మిగతావి తీసేస్తున్నాను, నిన్న రెండు వరసలు తీశాను. వేళ్ళు నేననుకున్నదానికంటే లోతుగా ఉన్నాయి. పెద్ద తోటవాళ్ళ షెడ్డులో కట్టలు కట్టే పనుంది, మధ్యాహ్నాలు రమ్మన్నారు.

మీ నాన్నకి చెప్పకు. గోడ చూపిస్తాడు.

అత్త

*

ఏప్రిల్ 30, శుక్రవారం

అత్తకి,

నీ మాట పూర్తిగా వినలేదు. ఈ రోజు ఆఫీసుకి వెళ్ళాను. అప్పీలు ఫారం ఇంకోటి తీసుకుని, అన్నీ నింపాను. వ్యాను మనిషి గడి ఒక్కటే మిగిలింది. నాలుగున్నరకి కళ్ళజోడు తాడావిడ బల్ల దగ్గరికి పిలిచింది.

"ఆ ఒక్క గడీ ఖాళీగా ఉందేం? సంతకం పెట్టే మనిషి ఊళ్ళో లేడా?"

"ఉన్నాడండి."

"పెట్టనన్నాడా?"

"అడగలేదండి."

"మరి ఎవరికోసం కూర్చున్నావు?"

ఫారం తీసుకుని మళ్ళీ బెంచీ మీదికి వచ్చాను. వ్యానులు ఆగే చోటు అక్కడినుంచి మూడు వీధులే. పరిగెత్తితే పది నిమిషాలు. శుక్రవారం సాయంత్రం బాబాయి అక్కడ సిమెంటు దింపుతుంటాడని ట్రాక్టరతను చెప్పాడు కూడా. రెండుసార్లు లేచాను. రెండుసార్లూ నువ్వు రాసింది గుర్తొచ్చింది: మంచినీళ్ళిస్తాడు. కూర్చున్నాను. అయిదైంది. ఆవిడ కిటికీ మూసి, నా వైపు చూసి, తాళం వేసుకుంది.

నిన్ను ఓడించింది అందమైన వాక్యం ఒక్కటే కాదత్తా. అది తెలియక రాశాను. తర్వాత అన్నీ తెలిసి కూడా రాయకుండా ఉన్న పంక్తి ఉంది, మార్చి ఇరవైన. బాబాయికి నేను చెప్పుకోవాల్సింది దాని గురించి. అది నువ్వు నా తరఫున చెప్పలేవు.

ట్రాక్టరతను ఇప్పుడు వెనక్కి వస్తున్నాడు. ఈ ఉత్తరం అతనికిస్తున్నాను, చీకటిపడేలోపు నీకు చేరుతుంది. రేపు పొద్దున ఆరింటి బస్సు ఎక్కుతాను, ఏడుంపావుకి మన ఊరి మలుపు దగ్గర దిగుతాను. నువ్వు కోత ముగించుకుని అక్కడికి రా. బాబాయి ఎనిమిదింటికి లోడుకి వెళ్ళిపోతాడట, ఆలోపే వెళ్దాం. సంచీ తేవద్దు. తలుపు నేను తడతాను, ముందు నేను మాట్లాడతాను, ఆ తర్వాత నువ్వు. అది అయ్యాక ఆయన ఏమంటే అది విందాం.

నీ మేనకోడలు